టెలిస్కోప్ సార్

అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ‘డాబా మీది లైటు ఎవరు ఆర్పేశారు?’ అన్న ప్రశ్న నెలకోసారి వస్తోందంటే, ఆ బ్లాకులో ఓ ఖగోళ ఫొటోగ్రాఫరు కాపురముంటున్నాడని అర్థం. వాచ్‌మన్ ఆయన్ని టెలిస్కోప్ సార్ అంటాడు. హైదరాబాదులో పేటకొకడైనా తగిలే మనిషే. పగలు చూస్తే ఏ తేడా కనిపించదు. ఆఫీసుకు వెళ్తాడు, కూరలు బేరమాడతాడు. తేడా అంతా అమావాస్య దగ్గర పడుతున్నప్పుడే.

గోడ మీది క్యాలెండర్లో అమావాస్యల చుట్టూ ఎర్ర సున్నాలు చుట్టింది ఆయనే. లోకం మంచిరోజు కాదన్న రోజే సార్‌కు మంచిరోజు. ఆ రోజు పెళ్లి ముహూర్తాలు ఉండవు గనుక ఎవరూ పిలవరు, అదో సౌకర్యం. కార్తీక పౌర్ణమి వెన్నెల చూసి ఇంటిల్లిపాదీ మురిసిపోతుంటే ఆయన మాత్రం మొహం ముడుచుకుని తలుపేసుకుంటాడు. అంత వెలుగులో నెబ్యులా ఏం కనిపిస్తుంది? ఏడాదిలో ఆయన అసలు క్షమించలేనిది దీపావళి. వానలు వెనకబట్టి ఆకాశం తెరిపిచ్చే రోజుల్లో వచ్చే నిఖార్సైన అమావాస్య అది. ఊరంతా కలిసి దాన్ని పొగబెట్టేస్తుంది.

సార్ దగ్గరున్న టెలిస్కోపు చిన్నదే, కటకం 80 మిల్లీమీటర్లు. దాన్ని మోసే మౌంటు మాత్రం టెలిస్కోపు కంటే ఖరీదు, బరువు కూడా. భూమి గంటకు 15 డిగ్రీల చొప్పున తిరుగుతుంటే, ఆ మౌంటు అంతే వేగంతో ఎదురు తిరిగి నక్షత్రాన్ని ఒకేచోట నిలబెట్టాలి. దానికి ముందు మౌంటు ఇరుసును ధ్రువ నక్షత్రం వైపు సరిచూడాలి. చిక్కంతా ఇక్కడే ఉంది. హైదరాబాదు నుంచి ధ్రువ నక్షత్రం ఉత్తరాన దాదాపు 17 డిగ్రీల ఎత్తులోనే కనిపిస్తుంది. సరిగ్గా ఆ ఎత్తులోనే పక్క అపార్ట్‌మెంటు వాళ్ల వాటర్ ట్యాంకు ఉంది. ధ్రువుడు ఆ ట్యాంకు వెనక ఉన్నాడన్న నమ్మకంతోనే సార్ కాలం వెళ్లదీస్తున్నాడు. మిగతా లెక్క సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది.

నక్షత్రాల విషయంలో ఆయన మొహమాటపడడు. ఓ మాఘమాసపు పెళ్లిలో మధ్యాహ్నం ఒంటిగంటకు పురోహితుడు వధూవరులకు అరుంధతిని చూపించి ‘కనపడిందా?’ అంటే అందరూ కనపడిందన్నారు. సార్ ఒక్కడే ఫోన్ తీసి, ఈ వేళకు అరుంధతి అస్తమించి ఉంటుందని పెళ్లికొడుకు చెవిలో చెప్పి వచ్చాడు. లెక్క సరైనదే. ఆ తర్వాత ఆ వైపు చుట్టాలు ఆయన్ని పిలవడం తగ్గించారన్నది వేరే సంగతి.

ఇంత చేసే మనిషి రాత్రంతా ఆకాశం చూస్తాడనుకుంటే పొరపాటు. దోమలబత్తి వెలిగించుకుని, దుప్పటి కప్పుకుని లాప్‌టాప్ చూస్తాడు. తెరమీద మూడు నిమిషాలకో బూడిదరంగు ఫొటో వచ్చి పడుతుంది. అలాంటివి వంద కావాలి, అంటే ఐదు గంటలు. వాటిని ఒకదానిమీద ఒకటి పేర్చి (దీన్నే స్టాకింగు అంటారు) సగటు తీస్తే గరుకు పదో వంతుకు తగ్గుతుంది. ఆ మిగిలిందాన్ని సగం చేయాలంటే ఫొటోలు నాలుగింతలు కావాలి. ఈ లెక్కకు అంతు లేదు గనుక సార్ చేతిలో ఏ ఫొటో ‘పూర్తయింది’ అనిపించుకోలేదు. మధ్యలో అడ్డొచ్చిన విమానాలను, ఉపగ్రహాలను ఆ పేర్చడంలోనే సాఫ్ట్‌వేర్ ఏరి పారేస్తుంది. అన్నిట్లోనూ నిలకడగా ఉన్నదే మిగులుతుంది.

తర్వాత టెలిస్కోపుకు మూత పెట్టి మరో ముప్పై ఫొటోలు తీస్తాడు. ఇది ఇంట్లో ఎవరికీ మింగుడుపడదు. కెమెరా సెన్సరు తన వేడికి తానే పుట్టించే చుక్కలుంటాయి, అవి చీకట్లో దొరికితే అసలు ఫొటోలోంచి తీసేయొచ్చు. అందుకే సెన్సరును చల్లబరిచే ఏర్పాటూ ఉంది. మే నెలలో కరెంటు బిల్లు గురించి ఉపన్యాసమిచ్చి హాల్లో ఏసీ కట్టేయించే మనిషి, డాబా మీద కెమెరాను సున్నా డిగ్రీల్లో ఉంచుతాడు. తెల్లారగానే ఇంకో తంతు. సెన్సరు మీది దుమ్ము మచ్చలు పట్టడానికి టెలిస్కోపు మూతికి తెల్లబట్ట బిగించి ఆకాశం వైపు ఫొటోలు తీయాలి. ఆ తెల్లబట్ట పెళ్లిలో అత్తవారు పెట్టిన పంచె. పాలు తెచ్చిన వాచ్‌మన్ రోజూ చూస్తాడు, ఏమీ అడగడు.

అడిగేది బావమరిది. ‘బావగారూ, ఇదే ఫొటో హబుల్ తీసింది నెట్లో ఊరికే దొరుకుతుంది కదా?’

ఈ ప్రశ్నకు సార్ ఏళ్ల తరబడి జవాబు నూరుకుంటున్నాడు. ఒరాయన్ నెబ్యులాకు మొట్టమొదటి ఫొటో 1880 సెప్టెంబరు 30న అమెరికాలో హెన్రీ డ్రేపర్ అనే డాక్టరు తీశాడు, 51 నిమిషాల ఎక్స్‌పోజరు. ఆండ్రోమెడా గెలాక్సీ చుట్టల్ని 1888లో ఫొటోలో చూపించిన ఐజాక్ రాబర్ట్స్ ఇళ్లు కట్టే కాంట్రాక్టరు. పోనీ మన బేగంపేటో? కార్ట్ దు సియెల్ అనే అంతర్జాతీయ పథకంలో ఆకాశాన్ని దేశాలు పంచుకుంటే, నిజామియా అబ్జర్వేటరీ తన వంతు పట్టీని గాజు పలకల మీద ఫొటోలు తీసి కొలిచింది. ఇక చివరి ముక్క 2022ది. డ్రెక్స్‌లర్, స్ట్రాట్నర్, సెంటీ అనే ఔత్సాహికులు ఆండ్రోమెడా పక్కనే అంతవరకూ ఎవరూ గుర్తించని ఓ నీలి వాయు చాపాన్ని పట్టుకున్నారు. వాడిన టెలిస్కోపు 106 మిల్లీమీటర్లు, మొత్తం ఎక్స్‌పోజరు 111 గంటలు.

‘మీది ఎంత?’ అన్నాడు బావమరిది.

‘ఎనభై. కానీ వాళ్లకు వాటర్ ట్యాంకు లేదు.’

మొత్తానికి 25 లక్షల కాంతి సంవత్సరాల దూరం నుంచి బయల్దేరిన వెలుగు డాబా దాకా వచ్చి, వీధిలైటు దగ్గర ఓడిపోతుంది. వెనకటి పసుపు సోడియం దీపాల్ని ఓ ఫిల్టరుతో వడకట్టేవాడు. ఎల్ఈడీలు వచ్చాక వాటి వెలుగు అన్ని రంగుల్లోనూ పరుచుకుని ఫిల్టరుకు లొంగడం లేదు. అందుకే ఎప్పుడూ లద్దాఖ్ హాన్లే గురించే మాట్లాడతాడు, 2022లో చీకటి ఆకాశ సంరక్షణ ప్రాంతంగా ప్రకటించింది దాన్నే. పైగా ఈ మధ్య మూడో ఫ్లోరు కుర్రాడు 50 మిల్లీమీటర్ల స్మార్ట్ టెలిస్కోపు కొని, ఫోన్లో ఒక్క నొక్కు నొక్కి పది నిమిషాల్లో ఒరాయన్ నెబ్యులా తీసి గ్రూపులో పెట్టాడు. నలభై మంది చప్పట్లు కొట్టారు. సార్ ‘స్టార్లు కొంచెం సాగాయి’ అని రాసి, మళ్లీ చెరిపేశాడు.

మొన్న వినాయక చవితికి అసోసియేషన్ ప్రెసిడెంటు తలుపు తట్టాడు. లక్షల కెమెరా మీ దగ్గరుందట, మండపం ఫొటోలు మీరే తీయాలన్నాడు. సార్ కెమెరా తెచ్చి చూపించాడు. చేతిలో ఇమిడే ఎర్ర డబ్బా. స్క్రీను లేదు, బటను లేదు, లెన్సూ లేదు. ఫొటోకు మూడు నిమిషాలు పడుతుందన్నాడు.

‘గణపతి కదలడు కదా సార్?’

‘ఆయన కదలడు. ముందు నిలబడే మీరంతా కదులుతారు. స్టాకింగులో మిమ్మల్ని తీసేయాల్సి వస్తుంది.’