ముందు కనండి, తర్వాత చూద్దాం

పిల్లల్ని కనమంటున్నారు. విన్నారా? వినకుండా ఎలా ఉంటారు లెండి! మైకు దొరికిన ప్రతి పెద్దమనిషిదీ అదే పాట. జనాభా తగ్గిపోతోందట. రేపు పార్లమెంటులో మన సీట్లకు ఎసరొస్తుందట. ముసలివాళ్లు ఎక్కువై, పనిచేసేవాళ్లు తక్కువైపోతారట. కాబట్టి ఏం చేయాలి? మనం కనాలి. వాళ్లు లెక్కపెట్టుకుంటారు.

నిన్నమొన్నటిదాకా ఏమన్నారు? గోడల మీద ఎర్ర త్రికోణం గీసి, చిన్న కుటుంబం చింతలేని కుటుంబం అన్నారు. 1994లో చట్టం తెచ్చి, ముగ్గురు పిల్లలుంటే వార్డు మెంబరుగా కూడా పనికిరావన్నారు. ముప్పై ఏళ్లు అలాగే నడిపారు. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ ఆ నిబంధన ఎత్తేసింది. మంచిదే, ఎప్పుడో ఎత్తేయాల్సింది. కానీ మనవాళ్లు అక్కడితో ఆగే రకమా? ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్లే పోటీ చేయాలని చట్టం తెద్దామన్న ఆలోచన ముఖ్యమంత్రి గారి నోటే వచ్చింది. ఆయనకు ఒక్కడే కొడుకు. ఆ కొడుక్కీ ఒక్కడే కొడుకు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అన్నారా!

2025 మార్చిలో విజయనగరం ఎంపీ గారు బేరం ఇంకాస్త పెంచారు. మూడో బిడ్డ ఆడపిల్లయితే 50 వేలు, మగపిల్లాడయితే ఆవు. సొంత జీతంలోంచే ఇస్తానన్నారు. మా అత్తగారిది ఆ జిల్లాయే. పేపరు చేతిలో పట్టుకునే ఫోను చేశారు.

"చూశావా అమ్మాయ్? ఆవంట!"

హైదరాబాదులో మాది ఐదో అంతస్తు ఫ్లాటు. ఆవును ఎక్కడ కట్టేయను? బాల్కనీలో వాషింగ్ మెషీన్ పక్కనా? మా అపార్ట్‌మెంటు వాళ్లు లిఫ్టులో పిల్లల సైకిలే ఎక్కనివ్వరు.

నాకు ఇద్దరు. పెద్దవాడికి ఏడేళ్లు, సెరిబ్రల్ పాల్సీ. చక్రాల కుర్చీలో తిరుగుతాడు. అంటే, తిరుగుదామని చూస్తాడు, ఊరు తిరగనివ్వదు. చిన్నది రెండున్నరేళ్లది. దాని కాళ్లు బ్రహ్మాండంగా పనిచేస్తాయి. అవసరానికి మించి పనిచేస్తాయి. ఒకడిని నెట్టాలి, ఒకదాని వెంట పరిగెత్తాలి. ఇంక మూడోది ఎవరు మోస్తారో, ఆ ఎంపీ గారినే అడగాలి.

సరే, ముందు ఇంట్లో సంగతి చూద్దాం. 2024లో కేంద్ర ప్రభుత్వం వాళ్లే దేశమంతా తిరిగి, ఎవరు ఏ పనికి ఎంతసేపు పెడుతున్నారో లెక్క తీశారు. జీతం లేని ఇంటిపనికి ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు. మగవాళ్లు? 88. అదీ ఇంటిపని ఎంతోకొంత చేసే మగవాళ్ల లెక్క. చెంచా కూడా కడగని మహానుభావులు ఆ సగటులో లేరు. 2019లో ఇదే లెక్క తీస్తే మగవాళ్లది 97 ఉండేది. అయిదేళ్లలో దేశం ఎంత ముందుకెళ్లింది! ఉన్న 97లో 9 నిమిషాలు మిగుల్చుకున్నారు. ఆ 9 నిమిషాలూ ఏం చేస్తున్నారో సర్వే చెప్పలేదు. నాకు తెలుసు. ఫోన్లో రీల్స్ చూస్తున్నారు. ఇంట్లో పిల్లాజెల్లా, ముసలీముతకా చూసుకునే భారం ఎక్కువగా ఆడవాళ్ల మీదే ఉందన్నది మన సామాజిక అల్లికకు రుజువట. సర్కారు వాళ్లు ఆ మాట కూడా ప్రకటనలో రాసుకున్నారు. సిగ్గుపడాల్సిన అంకెకు శాలువా కప్పడమంటే ఇదే.

మా ఇంట్లో ఆదివారం ఉదయం చూడండి. "ఇవాళ పిల్లల్ని ఎటైనా బయటికి తీసుకెళ్దామా?" అన్నారు మా ఆయన. ఐడియా ఆయనది. దాంతో ఆయన వంతు అయిపోయింది. ఇక నా వంతు. పెద్దవాడికి మెత్తగా పిసికిన పెరుగన్నం, వాడు పట్టుకోగలిగే లావుపాటి చెంచా, మధ్యాహ్నం మందు, కాళ్లకు వేసే స్ప్లింట్లు. చిన్నదానికి డైపర్లు నాలుగు, మార్చడానికి ఒక గౌను, ఆ గౌను మీద ఒలకబోసుకుంటే మార్చడానికి ఇంకో గౌను. నీళ్ల సీసాలు. తుడవడానికి పాత చీర ముక్కలు. కుర్చీ చక్రాల్లో గాలి ఉందా? గ్యాసు కట్టేశానా? పాలు ఫ్రిజ్‌లో పెట్టానా? ఇంతలో కింద నుంచి కారు హారను. ఒకటి కాదు, మూడు.

"ఇంకా ఎంతసేపు? మీ ఆడవాళ్లు తయారవడం మొదలుపెడితే..."

నేను తయారవడమా? నా జడ లిఫ్టులో వేసుకున్నాను స్వామీ!

ఏమన్నా అంటే, "నేనూ సాయం చేస్తూనే ఉన్నాగా" అంటారు. పక్కింటివాళ్ల సిలిండరు మోస్తే సాయం. కన్నకొడుకు ముడ్డి కడిగితే కూడా సాయమేనా? ఎవరికి చేసినట్టు? నాకా?

పోనీ, ఆయన్నొక్కడినే ఎందుకనాలి? బిడ్డ పుడితే తండ్రికి మనవాళ్లు ఇచ్చిన తీరికెంత? కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అయితే 15 రోజులు. ప్రైవేటు ఉద్యోగి అయితే, చట్టం లెక్కన, సున్నా. ఇటు తల్లికి 2017లో 26 వారాల సెలవు ఇచ్చారు. చప్పట్లు. అదే చట్టంలో, 50 మంది, అంతకు మించి పనిచేసే చోట క్రెష్ పెట్టాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చని కూడా రాశారు. నేనిదివరకు పనిచేసిన ఆఫీసులో క్రెష్ ఉండేది. అబద్ధమాడకూడదు, తలుపు మీద బోర్డు కూడా ఉండేది. లోపల గోడ నిండా ఛోటా భీమ్. కింద పాడైన ప్రింటర్లు, విరిగిన కుర్చీలు, దీపావళికి పంచగా మిగిలిపోయిన స్వీటు డబ్బాలు. తనిఖీ ఉన్న రోజు ప్రింటర్లు మెట్ల కిందికి వెళ్లేవి, సాయంత్రానికి తిరిగొచ్చేవి. నా కూతుర్ని అక్కడ పెట్టాలంటే ముందు దానికి టోనరు మార్చడం నేర్పాలి. ఉద్యోగం నేనే మానేశాను. "ఫ్యామిలీ కోసం త్యాగం" అని కేకు కోశారు.

ఇప్పుడు రోడ్డెక్కుదాం. వారంలో మూడు రోజులు పెద్దవాడికి థెరపీ. ఆయన ఆఫీసుకెళ్లాక కారుండదు, బస్సుంటుంది. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో మహాలక్ష్మి, 2025 ఆగస్టు నుంచి ఆంధ్రాలో స్త్రీశక్తి. ఆడవాళ్లకు జీరో టికెట్టు. ఎగతాళి చేయను, నాలాంటివాళ్లకు అది పెద్ద మాటే. కానీ నేనెక్కే బస్సు మొదటి మెట్టు నా మోకాలి ఎత్తున ఉంటుంది. చంకలో 19 కిలోల కొడుకు, భుజాన మడత పెట్టిన కుర్చీ. బస్సు ఉచితమే, ఎక్కగలిగితే. మెట్రో స్టేషన్లో లిఫ్టులున్నాయి, చక్కగా దింపుతాయి. ఎక్కడికి? ఫుట్‌పాత్ మీదికి. ఫుట్‌పాత్ అంటే తెలుసుగా? నడిచే దారికి అడ్డంకుల్లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలని, గట్టు ఎత్తు 150 మిల్లీమీటర్లు దాటకూడదని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ రాసిపెట్టింది. మా వీధిలో ఆ 1.8 మీటర్లలో ఒక ట్రాన్స్‌ఫార్మరు, ఒక మిర్చి బండి, ఒక నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ, ఆరు బైకులు, మూత లేని మ్యాన్‌హోలు ఉన్నాయి. మిగతాదంతా ఖాళీయే.

మా వాడికి పేర్లకు మాత్రం కొదవ లేదు. ముందు వికలాంగుడన్నారు. తర్వాత దివ్యాంగుడన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో ఏకంగా విభిన్న ప్రతిభావంతుల శాఖే ఉంది. పేరు రెండుసార్లు మార్చారు. మెట్లు ఒక్కసారి మార్చారా? అన్నిచోట్లకూ వీళ్లు వెళ్లగలగాలంటూ 2015 డిసెంబరు 3న సుగమ్య భారత్ అని మొదలుపెట్టారు. గడువు పెట్టారు, పొడిగించారు, మళ్లీ పొడిగించారు. 2016లో వికలాంగుల హక్కులకు కొత్త చట్టం. 2017 జూన్‌లో నిబంధనలు. ప్రజలు వాడే పాత భవనాలన్నిటినీ అయిదేళ్లలో అందరూ వెళ్లగలిగేలా మార్చాలని ఆ చట్టంలోనే ఉంది. అంటే 2022 జూన్‌తో గడువు దాటిపోయింది. కుర్చీ దాటలేదు.

ఎందుకు దాటలేదో తెలుసా? నిబంధనలు అలా రాశారు మరి. కొలతలు పాటించకపోయినా అడిగేవాడు లేని సిఫార్సుల్లా. చట్టం తప్పనిసరి అంటుంది, దాని కింద రాసిన నిబంధన మీ దయ అంటుంది. రాజీవ్ రటూరి అనే ఆయన 2005లో వేసిన కేసులో సుప్రీంకోర్టు 2017లో ఒకసారి తీర్పిచ్చింది. ఎంతవరకు అమలైందో చూడమని చివరికి మన శామీర్‌పేటలోని నల్సార్ లా యూనివర్సిటీ వాళ్లకే అప్పజెప్పింది. వాళ్ల నివేదిక చూశాక, 2024 నవంబరు 8న ఆ నిబంధన చెల్లదని కొట్టేసింది. తప్పనిసరి ప్రమాణాలు మూడు నెలల్లో తెమ్మంది. 2005లో పుట్టిన పిల్లాడు ఈలోగా ఓటరయ్యాడు. పోలింగ్ బూత్ మెట్ల దగ్గర ఆగిపోయాడో ఏమో!

ర్యాంపుకు లెక్కుంది. అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవు. మా పక్క వీధిలో ఒక బ్యాంకు ఉంది. మూడడుగుల ఎత్తు గుమ్మానికి ఆరడుగుల ర్యాంపు పోశారు, పైన నున్నటి గ్రానైటు. పిల్లలకు జారుడుబల్లలు లేవని ఎవరన్నారండీ? దాని మొదట్లో రెండు పూలకుండీలు, చివర్లో మేనేజరు గారి స్కూటరు. "ఎత్తుకుని రండమ్మా, ఏముంది" అన్నాడు లోపలి గుమాస్తా. ఏముంది? ఇవాళ 19 కిలోలు ఉంది. పదిహేనేళ్లొచ్చాక ఎవడొచ్చి ఎత్తుకుంటాడు? నువ్వా?

అసలు సంగతి పార్కు దగ్గర జరిగింది. ఆ ఆదివారం మూడు హారన్ల తర్వాత బయల్దేరి వెళ్లింది అక్కడికే. ద్వారం దగ్గర ఇనపకమ్మీలు అటొకటి ఇటొకటి పాతారు. మధ్యలో సందు, మనిషి పక్కకు తిరిగి, ఊపిరి బిగబట్టి దూరేంత. కుర్చీ ముందు చక్రం కమ్మీకి కొట్టుకుని ఆగింది. కాపలా ఆయన వచ్చాడు.

"బైకులు, ఆవులు రాకుండ పెట్టిండ్రమ్మా."

"మరి కుర్చీ?"

"పెద్ద గేటుంది గద."

"తీయండి."

"తాళం సారు దగ్గరుంటది."

"సారు ఎక్కడ?"

"ఆదివారం గద మేడమ్. రాడు."

పిల్లలు ఆదివారం వస్తారు, తాళం సోమవారం వస్తుంది. గేటు పక్కన పచ్చరంగు బోర్డు ఉంది. దివ్యాంగులకు ప్రవేశం ఉచితం అని. ప్రవేశమే లేనిచోట టికెట్టు మాఫీ! ఇంత ఉదారత ఎవరికొస్తుంది? టికెట్ల కిటికీలో అమ్మాయి మాకు రెండు టికెట్లు కోసి, వాడిని చూసి, "పాపం" అంది. చిల్లర లేదంది.

చివరికి మా ఆయన, కాపలా ఆయన, బయట పల్లీలు అమ్ముకునే కుర్రాడు కలిసి కుర్చీని వాడితో సహా ఎత్తి కమ్మీల మీదుగా దాటించారు. వాడు పల్లకీ అనుకుని పకపకా నవ్వాడు. ఆ కుర్రాడు పల్లీల గంప అక్కడే వదిలేసి వచ్చాడు. ఆ పూట మాకు పనికొచ్చిన సుగమ్య భారత్ అతనొక్కడే. నేను పక్కకు తిరిగి, ఊపిరి బిగబట్టి దూరాను. చిన్నది ఎప్పుడో దూరి పారిపోయింది, దాని వెనక పరిగెత్తింది కూడా నేనే.

లోపల ఆట స్థలమంతా చీలమండ లోతు ఇసక. రెండు గజాలు వెళ్లేసరికి చక్రాలు కూరుకుపోయాయి. ఉయ్యాలకు వీపు ఆనించడానికి ఏమీ లేదు, వాడు కూర్చోలేడు. అక్కడే చెట్టు కింద ఆపి, "చెల్లి ఆడుతుంటే చూద్దువుగాని" అన్నాను. ఏడేళ్ల పిల్లాడికి ఎన్నిసార్లు చెప్పగలను ఆ మాట?

వాడు చెల్లిని చూడటం లేదు. లాను వైపు చెయ్యి చాచి అరిచాడు. "అమ్మా, ఆవు!"

నిజమే. కంచె తెగిన చోటునుంచి వచ్చినట్టుంది. గడ్డి మధ్యలో పడుకుని తీరిగ్గా నెమరేస్తోంది. తాళం అడగలేదు. టికెట్టు అడగలేదు. దాన్ని చూసి ఎవరూ పాపం అనలేదు.

సాయంత్రం అత్తయ్యగారు మళ్లీ ఫోన్ చేశారు. "ఏం ఆలోచించావే ఆవు సంగతి?"

"తెచ్చుకుందాం అత్తయ్యా," అన్నాను. "పార్కులోకి దారి దానికి తెలుసు."