ముసుగు స్వామికి ఫోన్‌పే

మొత్తానికి మన మూడు పట్టణాలకూ ముసుగు స్వాముల యోగం పట్టింది. సూర్యాపేటలో రీలు, కోదాడలో కరపత్రం, మిర్యాలగూడలో వాట్సాప్ గ్రూపు. నల్లగుడ్డ, కళ్లకు రెండు కంతలు, ముందు పుర్రె, పక్కన నిమ్మకాయల గుట్ట. వశీకరణం, శత్రుసంహారం, గుప్తనిధులు, అమెరికా వీసా.. అన్నీ ఒక్క పూజలోనే. యండమూరి ‘తులసిదళం’ చదివి భయంతో దుప్పటి ముసుగేసుకున్న తరం మాది. ఇప్పుడు ముసుగు అవతలివాడే వేసుకుంటున్నాడు.

అసలు మొహమెందుకు దాచాలి? నరదృష్టి తగలకుండా అంటారు శిష్యులు. శ్మశానంలో భేతాళుణ్ని లొంగదీసుకున్న మొనగాడికి కోదాడ బస్టాండు జనం కళ్లంటే భయమా?

సరే, దాచాడు. దక్షిణ దగ్గర మాత్రం క్యూఆర్ కోడ్ పెట్టాడు. స్కాన్ చేయగానే ఇంటిపేరుతో సహా స్వామివారి పేరు ఫోన్లో ప్రత్యక్షం! నలభై ఒక్క రోజుల దీక్ష దాచిన గుట్టును బ్యాంకు ఖాతా క్షణంలో బయటపెట్టింది.

తెలివైన స్వాములు బావమరిది నంబరు ఇస్తారు. శక్తి స్వామిది, ఖాతా బావమరిదిది. అమావాస్య అర్ధరాత్రి సర్వర్ డౌనైతే పూజ బంద్. అడ్వాన్సు పడందే దయ్యం కదలదు.

ఇంకో వింత. ఎక్కడో ఉన్న శత్రువును అంజనంలో చూసే మహానుభావుడికి, తన ఖాతాలో డబ్బు పడిందో లేదో తెలియాలంటే మనం స్క్రీన్‌షాట్ పంపాలి!



ఇక నవ్వింది చాలు. 2021 ఏప్రిల్‌లో ఈ సూర్యాపేట జిల్లాలోనే, ఒక తండాలో, సర్పదోషం పోతుందని నమ్మి కన్నతల్లే ఏడు నెలల పాపను చంపింది. 2025 ఏప్రిల్‌లో సూర్యాపేట కోర్టు ఆమెకు ఉరిశిక్ష వేసింది. దోషాలు అమ్ముకునే దుకాణాలు మాత్రం మూతపడలేదు. చేతబడి చేశారన్న అనుమానంతో మనుషుల పళ్లు ఊడగొట్టిన ఊళ్లు తెలంగాణలోనే ఉన్నాయి. ఆ అనుమానానికి ఎరువు వేస్తున్నది ఈ ముసుగుగాళ్లే. సాయుధ పోరాటంలో మల్లు స్వరాజ్యం తుపాకి పట్టిన గడ్డ మీద పుర్రె ముందు చేతులు కట్టుకుని నిలబడటానికి మనకు సిగ్గుండొద్దా?

మూఢనమ్మకాలపై పోరాడిన దభోల్కర్‌ను కాల్చి చంపాక మహారాష్ట్ర 2013లో క్షుద్రపూజలకు వ్యతిరేకంగా చట్టం తెచ్చింది. కర్ణాటక 2017లో తెచ్చింది. మన దగ్గర అలాంటి చట్టమే లేదు. తాయెత్తులతో, మంత్రాలతో రోగాలు నయం చేస్తామని ప్రకటనలివ్వడం 1954 చట్టం ప్రకారమే నేరం. ఆ ఉన్న చట్టాన్నయినా గోడల మీది పోస్టర్లకు వర్తింపజేసే నాథుడేడీ?

ఎమ్మెల్యేలను చట్టం అడగండి. ఈలోగా కరపత్రం కనబడితే చింపేయకండి. ఫోటో తీసి, నంబరుతో సహా పోలీసులకివ్వండి. డబ్బు పోయినవాళ్లు పరువు పోతుందని దాచుకోకండి. పరువు పోవాల్సింది వాడిది. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.