రెండు గీతలు చాలు సార్

2011లో ఢిల్లీలో మొదలైన కామిక్ కాన్ 2013లో హైదరాబాదుకూ వచ్చింది. హాలు నిండా బ్యాట్‌మన్లు, నరుటోలు సెల్ఫీలు దిగుతుంటే, చిత్రకారుల బల్లల దగ్గర ఏ వేషమూ లేని పెద్దమనిషి ఒకడు తప్పక కనిపిస్తాడు. వయసు నలభై దాటి ఉంటుంది. చంకలో పాత వారపత్రికల బైండు, చేతిలో పిల్లవాడి చెయ్యి. వాడు స్పైడర్‌మన్ వైపు లాగుతుంటే ఈయన బల్ల వైపు లాగుతుంటాడు. వంతు రాగానే ‘మావాడికి మీరంటే ప్రాణం సార్’ అంటాడు. ఆ సార్‌ని మావాడు చూడడం అదే మొదలు. తర్వాత బైండు విప్పి, జీవితంలో ఇంతగా నవ్వించిన కార్టూన్ ఇంకోటి లేదంటూ చూపిస్తాడు. అది వేరే ఆయన వేసింది. ఆపైన జోకొకటి చెప్పి, ‘మీరు వేసేసుకోండి, నా పేరు కూడా అక్కర్లేదు’ అని ఔదార్యం చూపిస్తాడు. ఇదంతా అయ్యాక అసలు సంగతి: ‘రెండు గీతలు చాలు సార్, రెండు నిమిషాల పని!’ నటుడు కలిస్తే ఫొటోతో వదిలేస్తాడు, రచయిత కలిస్తే సంతకంతో సరిపెట్టుకుంటాడు. కార్టూనిస్టును మాత్రం పని చేయించుకోకుండా వదలడు.

దీన్ని ఒట్టి కక్కుర్తి అని కొట్టిపారేయడం సులువు. కానీ ఎదుట ఉన్నది తన అభిమాన చిత్రకారుడేనని తేల్చుకోవడానికి పాపం ఆయనకు ఇంకో దారేదీ? మన చిత్రకారులు ముఖాలే కాదు, పేర్లు కూడా దాచుకున్నారు. సత్తిరాజు లక్ష్మీనారాయణ అంటే తడుముకునేవాళ్లు కూడా బాపు అనగానే లేచి కూర్చుంటారు. మేడిశెట్టి శంకరరావు బాలి అయ్యాడు, దేవులపల్లి సుబ్బరాయశాస్త్రి బుజ్జాయి అయ్యాడు. భుజాన శవంతో, చేత కత్తితో నడిచే విక్రమార్కుణ్ణి చందమామలో ఎన్నో ఏళ్లు చూసిన పిల్లల్లో, ఆ బొమ్మ వేసిన శంకర్ దారిన పోతుంటే ఎంతమంది గుర్తుపట్టి ఉంటారు? బాపు సినిమాలు తీశాడు కాబట్టి ముఖమూ తెలిసింది. మిగతావాళ్లు పాఠకుడికి తెలిసిందల్లా చేతివాటంగానే. ముక్కు ఎలా సాగదీస్తాడు, చీర కుచ్చిళ్లకు ఎన్ని గీతలు ఖర్చుపెడతాడు అన్నదే ఆ మనిషి ఆనవాలు. అందుకే స్కెచ్ పెన్ను మూత తీయగానే మన పెద్దమనిషి మాట్లాడడం మానేస్తాడు. అంతసేపూ జరగని అద్భుతమది. కాగితం మీద ముందు ముక్కు పడుతుంది, దానిమీద కళ్లజోడు, కింద మీసం. మీసం కొసన ఆ పాత వంపు తిరిగిందో లేదో, ముఖం చింకి చేటంత అవుతుంది. సందేహం తీరింది, ఈయన ఆయనే.

నిర్ధారణ కోసమే అయితే తన బొమ్మే ఎందుకు వేయమంటాడు, పైగా ‘పొట్ట కాస్త తగ్గించండి, జుట్టు కాస్త ఉంచండి’ అని ఎందుకు బతిమాలతాడు అని అడగొచ్చు. ఉన్నదాన్ని పెంచి చూపడమే వృత్తిగా బతికేవాణ్ణి తగ్గించమనడం అన్యాయమే. ఇక్కడ కాస్త ఆత్మప్రేమ ఉందని ఒప్పుకోక తప్పదు. అయితే పరీక్ష పెట్టేవాడు జవాబు తనకు తెలిసిన ప్రశ్నే ఇస్తాడు కదా, ఆయనకు బాగా తెలిసిన ముఖం ఆయనదే. ఇక డబ్బు మాట. పుస్తకం కొనడు, ప్రింటు ధర చూసి చీటీని తిరగేసి పెడతాడు, బొమ్మ మాత్రం ఊరికే కావాలంటాడు. ఈ అలవాటు చేసింది మన వారపత్రికలే. ఆయన డబ్బిచ్చి కొన్నది సీరియల్‌ను. పేజీ అడుగున మిగిలిన జాగాలో దూరిన కార్టూన్ కూరగాయల మీద కొత్తిమీరలా కొసరుగా వచ్చింది. దశాబ్దాలపాటు కొసరుగా అందినదానికి ఇప్పుడు ధర ఉందంటే ఆయనకు మింగుడుపడదు.

గట్టి అభ్యంతరం ఒకటుంది: ఆ రెండు నిమిషాలు చిత్రకారుడివి. ఒకరికి వేస్తే వెనక ఇరవైమంది నిలబడతారు, సాయంత్రానికి మణికట్టు పనిచేయదు. దీనికి నా దగ్గర సమాధానం లేదు. 1974 నుంచి కామిక్స్ పండుగ జరుగుతున్న ఫ్రాన్స్‌లోని అంగులేమ్‌లోనూ సంతకంతోపాటు బొమ్మ వేయించుకోవడానికి జనం బారులు తీరతారు. కాకపోతే అక్కడ సాధారణంగా చేతిలో ఆ చిత్రకారుడి పుస్తకం ఉంటుంది. అమెరికా మేళాల్లో చాలామంది చిత్రకారులు బొమ్మకింత అని ధర రాసి పెట్టుకుంటారు. మనవాళ్లూ పెట్టుకోవాలి, మొహమాటం అక్కర్లేదు. ధర చూస్తే అభిమాని పారిపోతాడన్న భయం దండగ. వెళ్లడు. కాసేపు బోర్డు చదివి, ‘ఇది మనిషికా సార్, కాగితానికా?’ అని అడిగి, కాగితానికే అని తేలితే సెల్‌ఫోన్ తీసి బయట ఎక్కడో ఐస్‌క్రీమ్ తింటున్న భార్యనూ బావమరిదినీ పిలిపిస్తాడు.