డిగ్రీ గోత్రం

ఎంబీఏ సీటుకో, పీహెచ్‌డీకో ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్లు మార్కుల మెమోలు పట్టుకెళితే చాలదు. గోత్రం కూడా చెప్పుకోవాలి. "డిగ్రీ రెగ్యులరా, డిస్టెన్సా?" అని అడుగుతారు. రెగ్యులర్ అంటే పెద్దల ముఖాలు విచ్చుకుంటాయి. డిస్టెన్స్ అంటే "ఓహో" అంటారు. ఆ ఓహోకి మందు లేదు.

యూజీసీ మందు రాసిచ్చిందనుకోండి. గుర్తింపు ఉన్న దూరవిద్య డిగ్రీ, కాలేజీకెళ్లి తెచ్చుకున్న డిగ్రీకి సమానమేనని 2020 నాటి నిబంధనల్లో పెట్టింది. ఎవరూ చదవలేదేమోనని 2022 సెప్టెంబరులో మళ్లీ నోటీసిచ్చింది. సమానమని రెండోసారి చాటింపు వేయాల్సి వచ్చిందంటే ఆ సమానత్వం ఆరోగ్యం ఎలా ఉందో మీరే ఊహించుకోండి.

ఇక రెగ్యులర్ వైభవం చూద్దాం. అబ్బాయి డిగ్రీలో చేరతాడు. పొద్దున మొబైల్ షాపు, సాయంత్రం ఫుడ్ డెలివరీ. హాజరు తగ్గితే కండొనేషన్ ఫీజు ఉంది కదా! మూడేళ్లలో వాడు కాలేజీ గేటు చూసేది హాల్‌టికెట్‌కీ, టీసీకీ. అయినా రెగ్యులరే. అమ్మాయేమో వారమంతా బట్టల షాపులో నిలబడి, ఆదివారం బస్సెక్కి అధ్యయన కేంద్రానికి వెళ్లి పాఠం వింటుంది. ఆవిడది "దూర"విద్య.

దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన దగ్గరే పుట్టింది. ఇప్పుడది అంబేడ్కర్ పేరు మీద ఉంది. గ్రూప్స్ రాసేవాళ్లు దాని పుస్తకాల కోసం ఎంతగా వెతుక్కుంటారో హైదరాబాద్ అశోక్‌నగర్ వెళితే తెలుస్తుంది. అవి చదివి డిప్యూటీ కలెక్టరయితే ప్రతిభ. అవే చదివి డిగ్రీ తెచ్చుకుని సీటు అడిగితే, ఓహో.

అనుమానానికి కారణం లేదనను. ఊరికో బ్రాంచీ తెరిచి, పరీక్ష గదిలో గైడ్లు తెరిపించి పట్టాలు పంచిన దుకాణాలు మనకు తెలుసు. కొన్ని డీమ్డ్ విశ్వవిద్యాలయాలు అనుమతి లేకుండా దూరవిద్యలో ఇంజినీర్లనే తయారుచేస్తే 2017లో సుప్రీంకోర్టు ఆ ముచ్చట ఆపించింది. కానీ ఏ సంస్థకు గుర్తింపు ఉందో యూజీసీ జాబితాలో చూడడానికి టీ తాగినంత సేపు పట్టదు. మనవాళ్లు టీ మాత్రం తాగుతారు.

పీజీ సీట్ల ప్రవేశపరీక్ష సీపీగెట్‌లో ఈ బాధ లేదు. కంప్యూటరుకు ఓహో అనడం రాదు. అమెరికా వెళ్దామంటే అక్కడ కొన్ని యూనివర్సిటీలది వేరే శాఖ: "మూడేళ్ల డిగ్రీనా, నాలుగేళ్లదా?"

2020లో కరోనా వచ్చి అందర్నీ ఒకే గోత్రంలో కలిపింది. ప్రొఫెసర్లు కెమెరాలు ఆపేసిన నల్లటి గళ్లకు పాఠాలు చెప్పారు. ఆ బ్యాచ్‌ని మాత్రం ఎవరూ "ఓహో" అనరు.

అసలు తమాషా ఏమిటంటే, ఓహో అనే విశ్వవిద్యాలయాలకే సొంత దూరవిద్యా కేంద్రాలు ఉంటాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1972లోనే పెట్టింది, ఉస్మానియా 1977లో. అలాంటి కేంద్రాల్లో వసూలైన ఫీజులు యూనివర్సిటీ ఖజానాలో కలిసిపోతుంటే, అందులో దూరపు రూపాయలేవో ఏరి తన జీతంలోంచి తీసేయమని ఏ ప్రొఫెసరూ దరఖాస్తు పెట్టుకున్నట్టు వినలేదు.