హెడ్‌ఫోన్స్‌లో మంచి గిటార్ టోన్: వాయించకుండానే సాధించే చిట్కాలు

ఊత్తంగరైలో గోడకు గోడ ఆనుకున్న ఇళ్లు. పక్క మేడ మీద ప్లస్ టూ పిల్లలు చదువుకుంటుంటారు. ఎలక్ట్రిక్ గిటార్‌ను ఆంప్‌కు తగిలించి మోగించే వీల్లేదు. అందుకే మీకు మోడలింగ్ పెడల్, హెడ్‌ఫోన్స్ కావాలి. పాత వాల్వ్ ఆంప్‌లు, స్పీకర్ పెట్టెలు, వాటి ముందు పెట్టే మైకులు ఎలా పలుకుతాయో లెక్కగట్టి చిప్‌లో పలికించే పరికరం ఈ పెడల్. 1998లో లైన్ 6 కంపెనీ తెచ్చిన పాడ్ అనే ఎర్ర పెట్టెతో ఈ వసతి ఇళ్లలోకి వచ్చేసింది. దాన్ని సరిగ్గా వాడితే సాయంత్రమంతా నాబ్‌లు తిప్పుతూ గడిచిపోతుంది, తీగ ముట్టే పనే ఉండదు. ఎలాగో చెబుతాను, వరసగా పాటించండి.

1. ముందు వాయించడం ఆపండి. సామాను సరిగా లేనిదే సాధన చేయకూడదు. సామాను కోసం కృష్ణగిరి వెళ్లండి, అక్కడ దొరకదు. హోసూరు వెళ్లండి, మీరనుకున్న మోడల్ అక్కడా ఉండదు. బెంగళూరు వెళ్లండి, అక్కడ ఉంటుంది కాబట్టి చూసి, కొనకుండా వచ్చేయండి. బస్సులో గడిచిన గంటలన్నీ ప్రాక్టీస్ ఖాతాలో రాసుకోండి.

2. చివరికి ఎలాగో కొన్నాక ఫ్యాక్టరీ ప్రీసెట్లలో అన్నిటికంటే ఆర్భాటంగా ఉన్నదాన్ని ఎంచుకోండి. కొట్లో కొనేవాడు డంగైపోవాలని వాటిలో రివర్బ్, డిలే దండిగా పోసి ఉంటారు. తప్పు పలికినా ఆ మోతలో మునిగిపోతుంది. ఒకే ఒక్క క్లీన్ సౌండ్ పెట్టుకుని నెలరోజులు దానిమీదే సాధన చేయమని ఎవరైనా చెబితే వారితో మాటలు తగ్గించండి.

3. కేబినెట్ సిమ్యులేషన్, అంటే స్పీకర్ పెట్టెను అనుకరించే భాగం, ఆపేయండి. ఈ ఒక్కటి జాగ్రత్తగా వినండి, మిగతా చిట్కాలన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. గిటార్ ఆంప్‌లో ఉండే 12 అంగుళాల స్పీకర్ 5 కిలోహెర్ట్జ్ దాటిన శబ్దాన్ని పెద్దగా పలకదు. గరగరంతా అక్కడే ఆగిపోతుంది. హెడ్‌ఫోన్స్ అలా కాదు, అన్నీ పలుకుతాయి. అందుకే తెలిసినవాళ్లు కేబినెట్‌ను ఆన్‌లో ఉంచి, 80 హెర్ట్జ్ కింద, 7 కిలోహెర్ట్జ్ పైన కత్తిరించి, రెండు నిమిషాల్లో పని ముగించి వాయించడానికి కూర్చుంటారు. రెండు నిమిషాల్లో ముగిసే పని మనకెందుకు? ఆపేయండి. చెవిలో తేనెటీగల తుట్టె కదిలినట్టు ఉంటుంది. ఇక నింద వేయడం మొదలుపెట్టండి. మొదటి నెల హెడ్‌ఫోన్స్‌ను అనండి, నాయన దగ్గర డబ్బు తీసుకుని ఖరీదైనవి కొనండి. అదే మోత వస్తుంది. రెండో నెల కేబుల్‌ను, మూడో నెల పికప్‌లను, ఆ తర్వాత ఇంటి కరెంటును అనండి. కరెంటు మీద వేసిన నింద ఏ కాలంలోనైనా చెల్లుతుంది.

4. బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ వాడండి. మామూలు బ్లూటూత్‌లో శబ్దం సెకనులో ఐదో వంతు వరకు ఆలస్యంగా రావచ్చు. వైరు పెడితే ఆ ఆలస్యం పోతుంది, దాంతోపాటు మీ సాకూ పోతుంది. తాళం తప్పినప్పుడల్లా "మెట్రోనోమ్ సరిగా లేదు" అనండి. మెట్రోనోమ్ తిరిగి మాట్లాడదు.

5. గెయిన్ చివరిదాకా తిప్పండి. తీగలన్నీ కలిసి ముద్దైతే ఏది అపస్వరమో ఎవరికీ తెలియదు. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద గమకాలు పలికించింది వేళ్లతో అని పెద్దలు గుర్తుచేస్తారు. తలూపండి. గదిలోకెళ్లి ఆయన పేరుతో ప్రీసెట్ ఉందేమో వెతకండి. లేకపోతే ఇంకా పెద్ద ప్రాసెసర్ కొనడానికి కారణం దొరికినట్టే.

6. అర్ధరాత్రి సన్నగా వింటూ టోన్ కుదర్చండి, పొద్దున గట్టిగా పెట్టి వినండి. శబ్దం తగ్గితే చెవి బాస్‌ను, పై ట్రెబుల్‌ను తక్కువగా అందుకుంటుందని ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు 1933లోనే చూపించారు. కాబట్టి రాత్రి బంగారంలా ఉన్నది పొద్దున ఓర్వలేనట్టుంటుంది. చెరిపేసి మళ్లీ మొదలుపెట్టండి. ఈ పనికి అంతు లేదు, ఏళ్ల తరబడి చేసుకోవచ్చు. పగలు మాత్రం వాల్యూమ్ నిండుగా ఉంచండి. 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది, శబ్దం పెరిగేకొద్దీ ఆ గడువు త్వరత్వరగా తరిగిపోతుందనీ అంటుంది. వారికి మీ అమ్మ పిలుపు సంగతి తెలియదు. నిండు వాల్యూమ్‌లో రేషన్ కొట్టుకు పొమ్మన్న మాట వినపడదు. కొన్నాళ్లకు పై స్వరాలు చెవికి అందకుండా పోతాయి. అప్పుడు ట్రెబుల్ ఇంకా పెంచండి.

7. కుదిరిన టోన్‌ను సేవ్ చేయకండి. రేపటికి పని మిగలాలి కదా.

8. చుట్టాలొస్తే బ్యాకింగ్ ట్రాక్ పెట్టుకుని కళ్లు మూసుకోండి, వేళ్లు ఊరికే కదపండి. హెడ్‌ఫోన్స్ గొప్పదనమే ఇది, లోపల ఏముందో మీకు తప్ప ఎవరికీ తెలియదు. "ఏదీ, మాకూ ఒకటి వినిపించు అబ్బాయ్" అని చిన్నాన్న అడిగితే "టోన్ ఇంకా కుదరలేదు చిన్నాన్నా, వచ్చే పండక్కి" అనండి. ఏ పండగో చెప్పకండి.

9. ఇన్ని చేసినా టోన్ రాకపోతే గిటార్ అమ్మేసి ఆ డబ్బుతో పెద్ద ప్రాసెసర్ కొనండి. తీగలు కొత్తగా, ఫ్రెట్లు అరగకుండా ఉంటాయి కాబట్టి మంచి ధర పలుకుతుంది. ప్రాసెసర్ రాగానే హెడ్‌ఫోన్స్ తగిలించి మెనూలన్నీ చూడండి. గిటారే లేని ఇంట్లో ఎందుకు వాయించలేదని అడిగేవారుండరు.