చప్పుడు

విజయవాడ ఆటోనగర్‌లో ఆ షెడ్డుకు బోర్డు లేదు. లోపల ఒక పాత ఎస్టీమ్ కారు, దాన్ని విరగ్గొట్టే ఓనరు, విరిగింది బాగుచేసే మేస్త్రి ఉండేవారు.

ఓనరు రోడ్ల కాంట్రాక్టరు. రోడ్లు వేసేది ఇక్కడ, రోడ్డు లేనిచోట బండి తోలేది బెంగళూరు, కోయంబత్తూరు వైపు. ఏడాదికి నాలుగు ర్యాలీలు. మొదటి ఏడాది ఒక్కటీ చివరిదాకా పోలేదు. ప్రతిసారీ పోయింది ఒక్కటే, ముందు చక్రం దగ్గరుండే సీవీ జాయింటు.

తప్పు జాయింటుది కాదు. ఈ బండిలో లాగేవీ ముందు చక్రాలే, అటూ ఇటూ తిరిగేవీ అవే. చక్రం ఎటు తిరిగి ఉన్నా ఇంజను బలాన్ని జాయింటు తడబడకుండా దానికి అందించాలి. ఒక గిన్నె, దాని లోపల గాళ్లు కోసిన గుండు, ఆ గాళ్లలో ఆరు ఉక్కు గోళీలు, గోళీలను వరసలో పట్టి ఉంచే కేజ్. అంతే సరంజామా. ఊళ్లో తిరిగే బండికి ఏళ్ల తరబడి వస్తుంది. ర్యాలీలో బండి గాల్లోకి లేస్తుంది. అప్పుడు కూడా ఓనరు యాక్సిలరేటర్ మీంచి కాలు తీయడు. గాల్లో గిర్రున తిరుగుతున్న చక్రం నేలకు తగిలి టక్కున పట్టు చిక్కించుకుంటుంది. ఆ దెబ్బంతా ఆరు గోళీల మీద పడుతుంది.

“1964లో మాంటీకార్లో గెలిచిన మినీ కూపర్‌లో ఉన్నదీ ఇలాంటి జాయింటేగా మేస్త్రీ. దానికి లేని రోగం దీనికెందుకు?” అన్నాడు ఓనరు.

“ఆ బండి తోలినాయన కాలు ఎక్కడ ఎత్తాడో మనకు తెలీదు కదండీ.”

ఓనరు నవ్వి చెక్కుబుక్కు తీశాడు. ఆ బండి దగ్గర ఆయన చేతికి ఎముక లేదు.

మొదట ఎవరో చెప్పారని కేజ్‌ని బయట ఇచ్చి బాగా గట్టిపడేలా కాల్పించి తెచ్చారు. మూడో స్టేజీలో అది గాజుగిన్నెలా ముక్కలైంది. పైన గట్టిగా ఉండాలి, లోపల కాస్త సాగే గుణం ఉండాలి. నిలువునా గట్టిదనమైతే అంతే. ఆ ముక్కలు కవరులో పోసుకొచ్చాక మేస్త్రి తన పద్ధతిలోకి దిగాడు.

కొత్త జాయింట్లు నాలుగు కొనిపించాడు. విప్పి, కిరసనాయిల్లో కడిగి, ఎర్రరంగు పట్టించి, తుడిచి, పైన తెల్లటి పూత చల్లాడు. మూడు తెల్లగానే ఉన్నాయి. నాలుగోదాని మీద వెంట్రుకంత ఎర్రగీత తేలింది. కొత్త సరుకులో పగులు. దాన్ని పక్కన పెట్టాడు. కేజ్ కిటికీల మూలలు సానరాయితో గంటల తరబడి నున్నగా రుద్దాడు. పగులు పుట్టేది ఆ మూలల్లోనే. షాఫ్టులు చెన్నై పంపి ఉక్కు గుళ్లతో పైపైన కొట్టించి తెప్పించాడు. బండిని అంగుళం కిందికి దించాడు. షాఫ్టు వాలు తగ్గితే గోళీలకు పరుగు తగ్గుతుంది. స్టీరింగు చివరంటా తిరక్కుండా అడ్డంగా చిన్న వెల్డింగు బొట్టు పెట్టాడు. మాలిబ్డినం కలిసిన నల్లగ్రీజు చేత్తోనే కూరాడు. గన్నుతో కొడితే మూలలకు పోదని ఆయన నమ్మకం.

ర్యాలీ అయ్యాక ఎడమ జాయింటు కుడికి, కుడిది ఎడమకు మార్చేవాడు. ముందుకే పరిగెత్తే బండిలో గోళీలు గాడిని ఒకవైపే ఒరుసుకుంటాయి. వైపు మారిస్తే అరగని గోడ పనిలోకి వస్తుంది. ఓనరుకు అదీ నచ్చలేదు.

“రెండు ర్యాలీలు కాగానే తీసి అవతల పారెయ్. అరిగిందాకా వాడుకోవడమేంటి? పాపం, ఎంత బరువు మోస్తుందో!”

లిఫ్టు ఒకటి పెట్టిస్తే పని తేలికవుతుందని మేస్త్రి ఓసారి అడిగాడు. గొయ్యి ఉందిగా, అన్నాడు ఓనరు. గొయ్యి ఉన్నమాట నిజమే.

జాయింటు పోయేముందు చెప్పి పోతుంది. షెడ్డు వెనక ఖాళీస్థలంలో స్టీరింగు చివరికంటా తిప్పి బండిని మెల్లగా గుండ్రంగా తిప్పేవారు. బాగున్న జాయింటు మాట్లాడదు. అరిగినదైతే టక్... టక్... టక్. చక్రం తిరిగినకొద్దీ అదే వరస. మొదట్లో మేస్త్రే చెవి వంచి బండి పక్కన నడిచేవాడు. ఈమధ్య కుర్రాణ్ణి నడిపించి, తను ఆయిలు డబ్బా బోర్లించుకుని కూచుని వింటున్నాడు. దూరం నుంచైనా ఎడమదో కుడిదో చెప్పేవాడు.

వినగా వినగా ఓనరుకూ చెవి కుదిరింది. ఫోన్లో పెద్దాఫీసరుతో మాట్లాడుతున్నా సరే, టక్‌మంటే చాలు, చెయ్యెత్తేవాడు. షెడ్డంతా ఊపిరి బిగబట్టేది.

మూడో ఏడు కోయంబత్తూరులో బండి అన్ని స్టేజీలూ పూర్తిచేసి తన క్లాసులో మొదట వచ్చింది. జాయింట్లు కిక్కురుమనలేదు.

తిరిగొచ్చిన రోజు షెడ్డులో బందరు లడ్లు పంచారు. బానెట్‌కి బంతిపూల దండ వేశారు. ఓనరు స్వయంగా ఒక్కో ముందు చక్రం దగ్గరా కొబ్బరికాయ కొట్టాడు. ఫొటోగ్రాఫరు అందర్నీ బండి ముందు నిలబెట్టాడు. మేస్త్రి కనపడలేదు. గోతిలో ఉన్నాడు, జాయింట్ల రబ్బరు తొడుగుల క్లిప్పులు చూసుకుంటూ.

“పైకి రా మేస్త్రీ, ఫొటో!”

అందరూ సర్దుకుని నిశ్శబ్దంగా నిలబడ్డారు.

టక్.

ఓనరు చెయ్యి లేచింది. నవ్వుతున్న వాళ్లు ఆగిపోయారు.

టక్... టక్.

ఓనరు మొహం పాలిపోయింది. వంగి ఎడమ చక్రం వంక చూశాడు, తరవాత కుడి చక్రం వంక. ఇంజను ఆపేసి ఉంది. చక్రాల కింద రాళ్లు పెట్టి ఉన్నాయి.

గోతి అంచున ముందు గ్రీజు చేతులు కనిపించాయి, తరవాత మేస్త్రి తల. ఇంకో మెట్టెక్కాడు. టక్.

“బండి కాదు బాబుగారూ,” అన్నాడు మేస్త్రి, అంచు పట్టుకుని ఆగి. “నా మోకాలు.”

ఓనరు గుండెల మీద చెయ్యి వేసుకున్నాడు.

“చంపేశావు కదయ్యా! జాయింటేమో అనుకున్నా.”