బుద్ధిమంతుడైన బిళ్ళ

చలికాలం రాగానే నీళ్ళు కాచే యంత్రాలు అమ్మేవాళ్ళకు కవిత్వం తన్నుకొస్తుంది. ఈమధ్య కవితావస్తువు సిరామిక్ హీటరు. తనంత తానే ఆలోచిస్తుందట, సగం కరెంటుకే నీళ్ళు కాస్తుందట!

అందులో వేడెక్కే పింగాణీ బిళ్ళ మంచిదే, వచ్చిన చిక్కల్లా దాని వకీళ్ళతోనే. ఆ బిళ్ళను చేసే బేరియం టైటనేట్‌కు 1950ల్లో బయటపడిన గుణం ఇది: ఒక హద్దు దాకా వేడెక్కాక దాని నిరోధం అమాంతం పెరిగి, కరెంటు దానంతటదే తగ్గిపోతుంది. సీసం కలిపితే ఆ హద్దు పైకి జరుగుతుంది, స్ట్రాన్షియం కలిపితే కిందికి దిగుతుంది. దోమల మందు మిషన్లలో రాత్రంతా వత్తిని వెచ్చబెట్టేది చాలావరకు ఇలాంటి బిళ్ళే. అక్కడున్నంతకాలం నోరెత్తలేదు పాపం. బకెట్లోకి దిగాకే దానికి బిరుదులు మొదలయ్యాయి.

సగం కరెంటు సంగతి చూద్దాం. 15 లీటర్ల నీళ్ళు 20 డిగ్రీల నుంచి 45కు రావాలంటే సుమారు 0.44 యూనిట్లు కావాలి. కాచేది నిక్రోమ్ తీగా, పింగాణీ బిళ్ళా అని నీళ్ళు కులగోత్రాలు అడగవు. మామూలు రాడ్డు తీసుకున్న కరెంటు కూడా దాదాపు మొత్తం నీళ్ళలోకే పోతుంది. ఇంక సగం ఎక్కణ్ణుంచి మిగులుతుంది? అట్టపెట్టె మీద రాసింది నిజమే అయితే, ఆ కంపెనీవారు ఇక్కడ హీటర్లమ్ముకుంటూ కూర్చోవడం దేనికి? స్టాక్‌హోమ్ వెళ్ళి నోబెల్ పట్టుకు రావచ్చు.

ఇక ఆలోచన. బిళ్ళకు తెలిసింది తన ఒంటి వేడి ఒక్కటే, మన నీళ్ళ సంగతి దానికి పట్టదు. దాని హద్దు 200 డిగ్రీలనుకోండి. నీళ్ళు 100 దాటవు, వేడిని లాక్కుంటూనే ఉంటాయి. బయట నీళ్ళు సలసల మరుగుతున్నా బిళ్ళకింకా చలే! వేళకు ఆపాలంటే థర్మోస్టాట్ అయినా ఉండాలి, వంటింట్లోంచి అమ్మ కేకైనా వినబడాలి.

యూఎస్‌బీ కప్పు హీటరుదైతే మరీ చోద్యం. 10 వాట్లతో 200 మిల్లీలీటర్ల కాఫీని 25 నుంచి 60 డిగ్రీలకు తేవాలంటే, రవ్వంత వేడి వృథా కాకపోయినా 49 నిమిషాలు పడుతుంది. వేడి కాఫీని చల్లారనివ్వకుండా చూడటం దానికి చేతనైన పని. చల్లారిన కాఫీని కాచిపెడతానంటేనే నవ్వొస్తుంది.

అసలు చెప్పుకోదగ్గ గొప్ప వేరే ఉంది. నీళ్ళు లేకుండా స్విచ్ వేసి మరిచిపోతే మామూలు రాడ్డు ఎర్రగా కాలి మాడిపోతుంది. ఈ బిళ్ళ తన హద్దు దగ్గరే ఆగిపోతుంది. కానీ 'మీ మతిమరుపుకు మా పూచీ' అని రాస్తే ఎవరు కొంటారు? బిల్లు సగమంటేనే చెయ్యి జేబులోకి పోతుంది.

అయ్యా, అమ్మా, కొనేటప్పుడు విశేషణాలు వదిలేసి వాట్లు చదవండి. ఐఎస్ఐ గుర్తు, మూడు పిన్నుల ప్లగ్గు ఉన్నాయో లేదో చూసుకోండి. బిళ్ళకెంత బుద్ధి ఉన్నా షాకును ఆపలేదు. ప్లగ్గు పీకాకే నీళ్ళలో వేలు పెట్టండి.